ఒకే తెర వెనుక రెండు ఆసిలోస్కోప్‌లు: టెక్ట్రానిక్స్ 2230ని అర్థం చేసుకోవడం, బాగుచేయడం

టెక్ట్రానిక్స్ 2230 ముందు ప్యానెల్ మీద స్టోర్, నాన్‌స్టోర్ అని రాసిన ఒక బటన్ ఉంటుంది. అది బయటికి ఉంటే ఈ పరికరం మామూలు అనలాగ్ ఆసిలోస్కోప్, అంటే సిగ్నల్ వోల్టేజ్ ఎలా మారుతోందో తెర మీద గీసి చూపేది. లోపలికి నొక్కితే అదే తెర మీద డిజిటల్ స్టోరేజ్ ఆసిలోస్కోప్ పనిచేయడం మొదలుపెడుతుంది. చాలామంది ఈ బటన్‌ని వాడుకలో ఒక సౌకర్యంగానే చూస్తారు. నా లెక్కలో, దీన్ని రిపేరు చేయాలనుకునే వాళ్లు మల్టీమీటర్ కన్నా ముందు వాడాల్సిన పనిముట్టు ఇదే. లోపల రెండు స్కోప్‌లు కొన్ని భాగాల్ని పంచుకుంటాయి, కొన్నిటిని పంచుకోవు. ఏవి ఉమ్మడి, ఏవి వేరు అన్నది తెలిస్తే, బటన్‌ని రెండుసార్లు నొక్కి చూడగానే లోపం ఎటువైపు ఉందో చాలావరకు తేలిపోతుంది.

ఇలాంటి జంట పరికరాలు ఎందుకు పుట్టాయో ముందు చూద్దాం. 1980ల మధ్యలో వేగంగా పనిచేసే అనలాగ్ టు డిజిటల్ కన్వర్టర్లు ఖరీదైనవి. 2230 డిజిటల్ వైపు సెకనుకు 2 కోట్ల శాంపిళ్లు (ఆ క్షణపు వోల్టేజ్ కొలతలు) మాత్రమే తీయగలదు, అంటే 50 నానోసెకన్లకు ఒకటి. అనలాగ్ వైపు మాత్రం 100 మెగాహెర్ట్జ్ వరకు సిగ్నల్‌ని సునాయాసంగా చూపిస్తుంది. వేగం అనలాగ్‌కి ఉంది, జ్ఞాపకం డిజిటల్‌కి ఉంది. రెండూ కావాలనుకునే ఇంజనీరుకు రెండు పరికరాలు కొనే బదులు ఒకే పెట్టెలో ఇచ్చారు. తర్వాత ఫిలిప్స్ కూడా ఈ దారిలోనే కాంబీస్కోప్ అనే పేరుతో పీఎం3394 లాంటి మోడళ్లు తెచ్చింది. 1993లో ఫిలిప్స్ టెస్ట్ పరికరాల విభాగాన్ని ఫ్లూక్ కొనడంతో వాటి మీద ఫ్లూక్ పేరు వచ్చింది. జర్మనీకి చెందిన హామెగ్ కూడా హెచ్‌ఎం407 వంటి జంట స్కోప్‌లు చేసింది. వీటి సర్క్యూట్లు వేరైనా లోపలి ఆలోచన ఒకటే కాబట్టి 2230 గురించి ఇక్కడ చెప్పేది చాలావరకు వాటికీ పనికొస్తుంది.

అనలాగ్ వైపు కథ సులువు. ప్రోబ్ నుంచి వచ్చిన సిగ్నల్ అటెన్యుయేటర్లో తగ్గి, ప్రీఆంప్లిఫయర్లో పెరిగి, డిలే లైన్ గుండా వెళ్లి, చివరి ఆంప్లిఫయర్ ద్వారా సీఆర్‌టీ (గాజు పిక్చర్ ట్యూబు) లోని నిలువు ప్లేట్లకు చేరుతుంది. ఎలక్ట్రాన్ కిరణం పైకీ కిందికీ కదులుతుంది. అదే సమయంలో స్వీప్ జనరేటర్ ఇచ్చే వాలు వోల్టేజ్ కిరణాన్ని ఎడమ నుంచి కుడికి లాగుతుంది. ట్రిగ్గర్ సర్క్యూట్ ప్రతిసారీ సిగ్నల్‌లో ఒకేచోట స్వీప్‌ని మొదలుపెట్టించబట్టి బొమ్మ నిలకడగా కనిపిస్తుంది. మధ్యలో డిలే లైన్ ఎందుకంటే, ట్రిగ్గర్ గుర్తించి స్వీప్ మొదలయ్యేలోపు అసలు అంచు దాటిపోకుండా సిగ్నల్‌ని కాస్త ఆలస్యం చేయడానికి. అందుకే పల్స్ మొదటి అంచు తెర మీద కనిపిస్తుంది. 100 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ అంటే రైజ్ టైమ్ (అంచు లేవడానికి పట్టే సమయం) సుమారు 3.5 నానోసెకన్లు. బ్యాండ్‌విడ్త్‌తో 0.35ని భాగిస్తే వచ్చే లెక్క ఇది.

అనలాగ్ తెరకి ఇంకో గుణం ఉంది, దాన్ని తక్కువ అంచనా వేయకూడదు. కిరణం ఎక్కువసేపు, ఎక్కువసార్లు తిరిగిన చోట గీత కాంతిగా ఉంటుంది, అరుదుగా వెళ్లిన చోట మసకగా ఉంటుంది. అంటే ఆ వెలుగులోనే సమాచారం ఉంది. ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ రకం పవర్ సప్లై) లో పల్స్ వెడల్పు కొద్దిగా అటూ ఇటూ ఊగుతుంటే అంచు దగ్గర మసక పొర కనిపిస్తుంది. ఏఎం సిగ్నల్, వీడియో సిగ్నల్ లాంటివి చూసేటప్పుడు ఈ ఛాయలే అసలు విషయం చెబుతాయి. అప్పటి డిజిటల్ తెరలు అన్ని చుక్కలనీ ఒకే వెలుగులో చూపేవి. ఈ వెలుగు తేడాల్ని డిజిటల్‌లోనూ రప్పించిన డిజిటల్ ఫాస్ఫర్ స్కోప్‌లు 1990ల చివర్లో గానీ రాలేదు.

ఇక అనలాగ్‌కి చేతకానివి: ఒక్కసారి వచ్చి పోయే సంఘటన, బాగా నెమ్మది సిగ్నల్, ట్రిగ్గర్‌కి ముందు ఏం జరిగిందన్న ప్రశ్న. పవర్ ఆన్ చేసిన క్షణంలో ఒక సప్లై ఎలా లేచిందో చూడాలంటే స్టోర్ బటన్ నొక్కాల్సిందే. డిజిటల్ వైపు ఎప్పుడూ రికార్డు చేస్తూనే ఉంటుంది, ట్రిగ్గర్ వచ్చాక ఎక్కడ ఆపాలో నిర్ణయించుకుంటుంది. అందుకే ట్రిగ్గర్‌కి ముందు భాగం కూడా దొరుకుతుంది.

డిజిటల్ వైపు అంకెలు కొంచెం జాగ్రత్తగా చదవాలి. కన్వర్టర్ 8 బిట్లది, అంటే 256 మెట్లు. ఒక్కో డివిజన్‌కి, అంటే తెర మీది ఒక్కో గడికి, సుమారు 25 మెట్లు. 5 వోల్టులు పర్ డివిజన్ మీద ఉంటే ఒక్కో మెట్టు 0.2 వోల్టు అన్నమాట. స్టోర్ మోడ్‌లో గీత కాస్త మెట్లుమెట్లుగా కనిపిస్తే అది చెడిపోయిందని కాదు, దాని పనితీరే అంత. ఈ ఒక్క విషయం తెలియక బాగున్న స్కోప్‌లో కన్వర్టర్‌ని అనుమానించే వాళ్లుంటారు.

అసలు చిక్కు శాంప్లింగ్ దగ్గర ఉంది. 50 నానోసెకన్లకు ఒక శాంపిల్ తీసే పరికరం, 10 నానోసెకన్లకు ఒక ఆవృత్తి పూర్తయ్యే 100 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ని ఎలా చూపిస్తుంది? ప్రతి అయిదు ఆవృత్తులకు ఒక శాంపిల్ మాత్రమే పడుతుంది కదా. సమాధానం: సిగ్నల్ మళ్లీమళ్లీ ఒకేలా వస్తేనే చూపిస్తుంది. ఒకే దారిలో, ఒకే టైమింగుతో రోజూ తిరిగే బస్సుని రోజుకొకసారి మాత్రమే, వేర్వేరు సమయాల్లో చూశామనుకోండి. చాలా రోజులు గడిచాక ఆ బస్సు ఏ నిమిషానికి ఎక్కడుంటుందో మొత్తం పటం గీయగలం. స్కోప్ కూడా ఒక్కో ట్రిగ్గర్‌కి కొన్ని శాంపిళ్లు తీసి, అవి ట్రిగ్గర్ తర్వాత సరిగ్గా ఎంతసేపటికి పడ్డాయో కొలిచి, మెమరీలో తగిన చోట పేర్చుతుంది. దీన్ని ఈక్వివలెంట్ టైమ్ శాంప్లింగ్ అంటారు.

"సరిగ్గా ఎంతసేపటికి" అన్నదే ఇక్కడ ప్రాణం. ట్రిగ్గర్ సిగ్నల్‌ని బట్టి వస్తుంది, శాంప్లింగ్ క్లాక్ తన దారిన తాను నడుస్తుంది. రెంటి మధ్య తేడా 50 నానోసెకన్ల లోపు ఎంతైనా కావచ్చు, దాన్ని నానోసెకన్లలో తెలుసుకోవాలి. అంత చిన్న సమయాన్ని నేరుగా లెక్కపెట్టే కౌంటర్ అప్పట్లో ఖరీదు. అందుకని ఆ తేడా ఉన్నంతసేపు ఒక కెపాసిటర్‌ని వేగంగా చార్జ్ చేసి, తర్వాత చాలా నెమ్మదిగా డిశ్చార్జ్ చేస్తారు. సాగదీసిన ఆ సమయాన్ని మామూలు క్లాక్‌తో లెక్కపెడతారు. ఈ సర్క్యూట్‌లో అడ్జస్ట్‌మెంట్ తప్పినా, ఏదైనా భాగం పాతబడి విలువ మారినా, వేగమైన స్వీప్‌ల మీద స్టోర్ మోడ్‌లో గీత కత్తిరించి అతికించినట్టు తెగితెగి వస్తుంది. అదే సిగ్నల్ నాన్‌స్టోర్‌లో నున్నగా ఉంటుంది. నెమ్మది స్వీప్‌ల మీద స్టోర్ కూడా బాగానే ఉంటుంది. ఈ మూడు లక్షణాలూ కలిసి కనిపిస్తే కన్వర్టర్ మీదకి, మెమరీ మీదకి పోకుండా నేరుగా ఈ సమయం కొలిచే భాగాన్ని చూడండి.

ఒక్కసారే వచ్చే సిగ్నల్‌కి ఈ పేర్చుడు కుదరదు. ఆవృత్తికి కనీసం పది చుక్కలుంటే గానీ ఆకారం నమ్మలేం అనుకుంటే, అలాంటి సిగ్నల్‌కి ఈ స్కోప్ 2 మెగాహెర్ట్జ్ స్కోప్ మాత్రమే. ప్యానెల్ మీద 100 మెగాహెర్ట్జ్ అని ఉన్నా సరే.

నెమ్మది స్వీప్‌ల మీద ఇంకో మోసం ఉంది. డివిజన్‌కి సుమారు 100 శాంపిళ్లు పడతాయనుకుందాం. 1 మిల్లీసెకను పర్ డివిజన్ పెడితే శాంపిళ్ల మధ్య దూరం 10 మైక్రోసెకన్లు, అంటే సెకనుకు లక్ష. అప్పుడు 101 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్ ఇస్తే, మామూలు శాంపిల్ మోడ్‌లో తెర మీద అందమైన 1 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్ కనిపిస్తుంది. ఏ అనుమానమూ రాదు. ఇదే ఎలియాసింగ్. డిజిటల్ స్కోప్ మాత్రమే ఉన్నవాళ్లు స్వీప్ మార్చి చూసుకోవాలి. ఇక్కడ బటన్ నొక్కితే చాలు, అనలాగ్ తెర నిండా వెలుగు పట్టీ కనిపిస్తుంది, ఇది చాలా వేగమైన సిగ్నల్ అని తెలిసిపోతుంది. పీక్ డిటెక్ట్ మోడ్ పెట్టినా ఆ పట్టీ కనిపిస్తుంది, అది శాంపిళ్ల మధ్య వచ్చే గరిష్ఠ, కనిష్ఠ విలువల్ని కూడా పట్టుకుంటుంది కాబట్టి. పక్కనే ఒక అనలాగ్ సాక్షి ఉండటం, నా దృష్టిలో, ఈ జంట స్కోప్‌లకున్న అన్నిటికంటే గొప్ప గుణం. శాంప్లింగ్ అంటే ఏమిటో నేర్పడానికి ఇంతకన్నా మంచి పరికరం కాలేజీ ల్యాబ్‌లో మరొకటి ఉండదు.

ఇప్పుడు రిపేరు సంగతి. ఉమ్మడి భాగాలు ఇవి: పవర్ సప్లై, రెండు ఛానెళ్ల అటెన్యుయేటర్లు, ప్రీఆంప్లిఫయర్లు, ట్రిగ్గర్, నిలువు అడ్డం చివరి ఆంప్లిఫయర్లు, హై వోల్టేజ్, సీఆర్‌టీ. డిజిటల్ భాగం ప్రీఆంప్లిఫయర్ తర్వాత సిగ్నల్‌ని తీసుకుని, కన్వర్ట్ చేసి, మెమరీలో దాచి, మళ్లీ అనలాగ్‌గా మార్చి అవే చివరి ఆంప్లిఫయర్లకు ఇస్తుంది. స్టోర్ మోడ్‌లో తెర మీద వచ్చే అక్షరాలు, అంకెలు కూడా ఆ మార్గంలోనే వస్తాయి. ఈ చివరి మాట చాలా విలువైనది.

ఒక ఛానెల్ రెండు మోడ్‌లలోనూ తప్పు ఎత్తు చూపిస్తే అటెన్యుయేటర్ లేదా ప్రీఆంప్లిఫయర్. రెండు మోడ్‌లలోనూ గీత మసకబారితే ఫోకస్, హై వోల్టేజ్, సీఆర్‌టీ. నాన్‌స్టోర్ బాగుండి, స్టోర్‌లో అక్షరాలు స్పష్టంగా ఉండి, సిగ్నల్ మాత్రం పాడుగా వస్తే, చూపించే మార్గం బాగున్నట్టే. లోపం శాంపిల్ తీసి మెమరీలో పెట్టే మార్గంలో ఉంది. అక్షరాలే వంకరపోయి చెదిరితే చూపించే మార్గాన్ని చూడాలి. అక్షరాలు, నిల్వ చేసిన సిగ్నల్ బాగుండి నాన్‌స్టోర్‌లో గీతే రాకపోతే అనలాగ్ స్వీప్‌నో, రెండు మోడ్‌ల మధ్య మార్చే స్విచింగ్‌నో అనుమానించాలి. కవర్ విప్పకుండానే ఇంత తెలుస్తుంది.

కవర్ విప్పేముందు భద్రత. సీఆర్‌టీకి వెళ్లే వోల్టేజ్ పదివేలు దాటుతుంది, స్విచ్ ఆపాక కూడా చార్జ్ నిలిచి ఉంటుంది. అంతకన్నా ప్రమాదం పవర్ సప్లై ప్రైమరీ వైపు. మన 230 వోల్టుల కరెంటు రెక్టిఫై అయ్యాక 325 వోల్టుల దాకా చేరుతుంది, ఆ భాగానికి మెయిన్స్ నుంచి ఏ అడ్డూ ఉండదు. దాన్ని ఇంకో స్కోప్‌తో చూడాలంటే, రిపేరు చేస్తున్న స్కోప్‌ని ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (మెయిన్స్ నుంచి విడదీసే ట్రాన్స్‌ఫార్మర్) ద్వారా నడపండి. చూసే స్కోప్ ఎర్త్ కనెక్షన్‌ని మాత్రం తీసేయొద్దు. టీవీలు, ఎస్ఎంపీఎస్‌లు బాగుచేసే చోట్ల స్కోప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేసి వాడటం కనిపిస్తుంది. ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ లైవ్ వైపు తగిలితే స్కోప్ లోహపు ఒళ్లంతా లైవ్ అవుతుంది, రెండో చేయి ఎక్కడుందన్నదాని మీద ప్రాణం ఆధారపడుతుంది. ఈ అలవాటు పూర్తిగా మానాలి. తక్కువ వోల్టేజ్ తేడాలు చూడాలంటే రెండు ప్రోబ్‌లు పెట్టి, రెండో ఛానెల్‌ని ఇన్వర్ట్ చేసి, యాడ్ మోడ్‌లో చూడొచ్చు. గ్రౌండ్ క్లిప్ అవసరమే రాదు.

ఏ లక్షణం కనిపించినా మొదట చూడాల్సింది సప్లైలే. 2230లో మెయిన్స్ నుంచి ప్రీరెగ్యులేటర్ దాదాపు 43 వోల్టులు తయారుచేస్తుంది. దాన్ని లోపలి ఇన్వర్టర్ సర్క్యూట్ మళ్లీ ఏసీగా మార్చి ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా మిగతా సప్లైలన్నీ ఇస్తుంది. వాటిలో మైనస్ 8.6 వోల్టులది సెట్ చేస్తే మిగతావి దాన్ని అనుసరిస్తాయి. సర్వీస్ మాన్యువల్‌లో ప్రతి సప్లైకీ ఎంత వోల్టేజ్ ఉండాలో, ఎంత రిపుల్ (డీసీ మీద మిగిలే ఊగిసలాట) ఉండొచ్చో పట్టిక ఉంటుంది. దాన్ని ప్రింట్ తీసి పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ టిక్ పెట్టండి. మల్టీమీటర్‌లో వోల్టేజ్ సరిగ్గానే కనిపించినా రిపుల్ ఎక్కువైతే డిజిటల్ భాగం పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది. మెమరీ చెడిపోయిందనిపించే లక్షణాలు ఎండిపోయిన ఒక ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ వల్ల రావడం మామూలే. కెపాసిటర్ లోపలి నిరోధాన్ని (ఈఎస్ఆర్) కొలిచే మీటర్ ఉంటే పని తేలిక. అన్ని కెపాసిటర్లనీ ఒకేసారి మార్చేయడం నాకు నచ్చని పద్ధతి. నలభై ఏళ్ల బోర్డు మీద ప్రతి డీసోల్డరింగూ ఒక రాగి ప్యాడ్‌కి పరీక్షే. పైగా కొత్త తప్పు పుడితే అది పాతదో, మనం తెచ్చిపెట్టిందో తేల్చలేం. కొలిచి, చెడ్డవి మార్చండి. మార్చేవి 105 డిగ్రీల, తక్కువ ఈఎస్ఆర్ రకం కావాలి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ విడిభాగాలు దొరుకుతాయి, కానీ విలువ, వోల్టేజ్ చెప్పి ఊరుకోకుండా సిరీస్ పేరు రాసుకుని వెళ్లాలి.

ఏళ్ల తరబడి మూలన పడున్న స్కోప్‌ని వేరియాక్ (మెయిన్స్ వోల్టేజ్‌ని పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) తో నెమ్మదిగా లేపాలని చాలామంది సలహా ఇస్తారు. పాత ట్రాన్స్‌ఫార్మర్ సప్లైలకి అది మంచిదే. 2230 సప్లై 90 నుంచి 250 వోల్టుల వరకు ఎక్కడైనా నడిచేలా కట్టింది. వోల్టేజ్ తగ్గినకొద్దీ అది ఎక్కువ కరెంటు లాగుతుంది. కాబట్టి 60, 70 వోల్టుల దగ్గర ఆపి ఉంచడం మేలు కాదు, కీడు. కరెంటుని అదుపు చేయడానికి మెయిన్స్ దారిలో సిరీస్ బల్బు పెడితే కూడా కొన్నిసార్లు స్టార్ట్ కాక టిక్ టిక్ మంటుంది. కాస్త పెద్ద బల్బుతో చూడండి. బల్బు తీసేశాక కూడా టిక్ టిక్ ఆగకపోతే సెకండరీ వైపు ఏదో షార్ట్ అయింది: రెక్టిఫయర్ డయోడ్, కెపాసిటర్, లేదా హై వోల్టేజ్ మల్టిప్లయర్. ఆన్ చేసే ముందే మెయిన్స్ ఫిల్టర్ దగ్గర చూడండి. ఆ కాలపు చాలా పరికరాల్లో అక్కడ పారదర్శక పూత ఉన్న కాగితం కెపాసిటర్లు వాడారు. పూత పగిలి తేమ పట్టి ఉంటే కొద్ది నిమిషాల్లో పొగ, ఘాటైన వాసన. వాటిని మాత్రం కొలవకుండానే మార్చేయొచ్చు.

మిగతా జబ్బుల్లో ఎక్కువ భాగం తాకిడి సంబంధమైనవి. నాబ్ తిప్పితే గీత గెంతడం, స్విచ్‌ని కాస్త నొక్కి పడితేనే పనిచేయడం, తట్టితే డిజిటల్ గీత మామూలవడం. బోర్డుల మధ్య రిబ్బన్ కేబుళ్లని పీకి మళ్లీ పెట్టడంతో ఎన్నో "డిజిటల్ లోపాలు" పోతాయి. పొటెన్షియోమీటర్లకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టొచ్చు. అటెన్యుయేటర్ స్విచ్‌ల జోలికి మాత్రం తుప్పు వదిలించే స్ప్రేలతో పోవద్దు. ఆ నూనె పొర అక్కడే ఉండిపోతుంది, 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌లో అది కొత్త లోపం. శుభ్రమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు.

బ్యాటరీ విషయంలో మోడల్‌ని బట్టి నడుచుకోవాలి. 2230లో కాలిబ్రేషన్ ఎక్కువగా ట్రిమ్‌పాట్‌లతో (బోర్డు మీద స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న పొటెన్షియోమీటర్లతో) చేసేది. అదే కంపెనీ 2465బీ లాంటి మోడళ్లలో కాలిబ్రేషన్ విలువలు బ్యాటరీతో నిలిచే మెమరీలో ఉంటాయి. అక్కడ ముందుచూపు లేకుండా ఆ చిప్‌ని పీకితే, స్కోప్ కొలత మర్చిపోతుంది. మీ చేతిలో ఉన్నది ఏ రకమో మాన్యువల్‌లో చూసుకున్నాకే బ్యాటరీని ముట్టుకోండి. ఈప్రామ్‌ల (లోపలి సాఫ్ట్‌వేర్ ఉండే, వెలుగు పడితే చెరిగిపోగల చిప్‌ల) కిటికీ మీద అంటించిన స్టిక్కర్లు ఊడిపోతే మళ్లీ అంటించండి, వీలైతే లోపలి సాఫ్ట్‌వేర్‌ని ప్రోగ్రామర్‌తో చదివి కాపీ దాచుకోండి.

కాలిబ్రేషన్‌కి వరస ముఖ్యం. సప్లైలు, తర్వాత సీఆర్‌టీ ఫోకస్, ఆస్టిగ్మాటిజం (చుక్క గుండ్రంగా ఉండేలా సరిచేయడం), తర్వాత నిలువు గెయిన్, అడ్డం టైమింగ్, చివర్లో డిజిటల్ భాగం. డిజిటల్ బొమ్మ కూడా అవే చివరి ఆంప్లిఫయర్ల గుండా తెర మీదకొస్తుంది కాబట్టి, అనలాగ్ సరిచేయకుండా డిజిటల్‌ని తిప్పితే రెండుసార్లు పని. కనీసం ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చి మొదలుపెట్టండి. టైమింగ్‌కి ఖరీదైన జనరేటర్ అక్కర్లేదు, 1 లేదా 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆసిలేటర్ మాడ్యూల్ ఈ స్కోప్ కచ్చితత్వానికి సరిపోయి మిగులుతుంది. చివరికి ఒకే సిగ్నల్‌ని రెండు మోడ్‌లలో చూడండి. నాన్‌స్టోర్‌లో సరిగ్గా అయిదు డివిజన్లు, స్టోర్‌లో నాలుగున్నర ఉంటే, అనలాగ్ గెయిన్‌ని మళ్లీ కదపకుండా డిజిటల్ వైపు గెయిన్‌నే సరిచేయాలి.

కొనేటప్పుడు షాపులో పది నిమిషాలు దొరికితే రెండు ఛానెళ్లకీ ప్యానెల్ మీదున్న కాలిబ్రేటర్ సిగ్నల్ ఇచ్చి, రెండు మోడ్‌లూ చూసి, ప్రతి స్విచ్‌నీ ఒకసారి తిప్పండి. తర్వాత గీత వెలుగు బాగా పెంచి వేగమైన స్వీప్ పెట్టండి. అక్కడ గీత కనిపించకపోతే సీఆర్‌టీ అలసిపోయినట్టు. డిజిటల్ బోర్డు పాడైనా బేరం చేయొచ్చు, సప్లై చచ్చినా బేరం చేయొచ్చు. సీఆర్‌టీ పోతే మాత్రం ఎంత చవకైనా వద్దు. ఆ ట్యూబు ఇప్పుడెవరూ తయారు చేయడం లేదు, ఇంకో 2230ని విప్పితే గానీ దొరకదు.